నైట్ షెల్టర్‌కి తాగి వచ్చేవాళ్లని గేటు దగ్గరే ఆపాలా, వైద్యం దాకా తీసుకెళ్లాలా? (శ్రీకాకుళం)

నాగావళి_షెల్టర్
శ్రీకాకుళం టౌన్లో మగవాళ్ల షెల్టర్. నలభై మంచాలు, రాత్రికి ఒక కేర్‌టేకరు, ఒక వాచ్‌మన్. ఆర్టీసీ కాంప్లెక్సు, ఏడు రోడ్ల కూడలి, ఆమదాలవలస స్టేషను దగ్గర పడుకునేవాళ్లే ఎక్కువగా వస్తారు. అందులో ఆరేడుగురు రోజూ తాగే వస్తారు. కమిటీలో సగంమంది "తాగినోడికి మంచం ఇస్తే మిగతావాళ్లూ పాడైపోతారు" అంటున్నారు. సగంమంది "బయట వదిలేస్తే తెల్లారేసరికి ఏ కాలవలో ఉంటాడో" అంటున్నారు. రెండు మాటల్లోనూ నిజం ఉంది.

తెలియాల్సినవి మూడు. తాగి వచ్చినవాణ్ని రాత్రి ఎలా చూసుకోవాలి? మానేస్తానని తనంతట తనే అన్నవాణ్ని షెల్టర్లో ఉంచి మాన్పించొచ్చా, ఆస్పత్రికే పంపాలా? ఆస్పత్రి నుంచి వచ్చాక సంగతేంటి? అనుభవం ఉన్నవాళ్లు వివరంగా రాయండి. ఇక్కడి పనికి వాడుకుంటాం.

వార్డు_నర్సు
ముందు రెండో ప్రశ్నకి జవాబు, ప్రాణం పోయేది అక్కడే కాబట్టి. తాగి వచ్చి గురకపెట్టి పడుకున్నవాడి కంటే "నిన్నటితో మానేశానమ్మా, ఇక ముట్టను" అని వణుకుతూ వచ్చినవాడి గురించే ఎక్కువ భయపడాలి. ఏళ్ల తరబడి రోజూ తాగిన ఒంటికి మందు ఒక్కసారిగా ఆగితే తట్టుకోలేదు.

గడియారం పెట్టి చూడండి. ఆఖరి చుక్క పడిన 6 నుంచి 12 గంటల్లో చేతులు వణకడం, చెమట, వాంతులు, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. ఫిట్స్ వస్తే ఎక్కువగా 12 నుంచి 48 గంటల మధ్య వస్తాయి. రెండో రోజు చివర నుంచి నాలుగో రోజు దాకా ఇంకా పెద్ద ప్రమాదం ఉంది: మనిషికి తేదీ, చోటు తెలియవు, గోడమీద పురుగులు పాకుతున్నాయంటాడు, ఎవరో చంపడానికొస్తున్నారని పరిగెడతాడు, ఒళ్లు కాలిపోతుంది. డెలీరియం ట్రెమెన్స్ అంటారు. వైద్యం లేకపోతే చనిపోతారు. ఊళ్లో దీన్ని "గాలి సోకింది" అని మంత్రం వేయించడానికి తీసుకుపోతారు, ఆ ఒక్క రోజూ అలా పోతుంది.

అంచేత షెల్టర్లో బలవంతంగా మాన్పించే పని పెట్టుకోవద్దు. మానడం ఆస్పత్రిలో మొదలవ్వాలి, షెల్టర్లో నిలబడాలి.

నాగావళి_షెల్టర్
నర్సమ్మగారూ, వచ్చిన ప్రతివాణ్నీ ఇక్కడి ప్రభుత్వాస్పత్రి రిమ్స్‌కి పంపితే అక్కడ తీసుకోరు. ఎవర్ని వెంటనే పంపాలి, ఎవర్ని పొద్దున్న ఓపీకి పంపొచ్చు? మా వాచ్‌మన్ పదో తరగతి చదివాడు, అతనికి అర్థమయ్యేలా చెప్పండి.

వార్డు_నర్సు
అతను అడగాల్సింది నాలుగే. ఆఖరిసారి ఎప్పుడు తాగావు? రోజుకి ఎంత? మానినప్పుడు ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా? ఇవాళ ఏ వారం, ఇది ఏ ఊరు?

అతను చూడాల్సినవి: చేతులు ముందుకి చాపమనండి, వేళ్లు విడదీయమనండి, వణుకు దూరం నుంచే కనబడుతోందా? నుదుట చెమట ఉందా? నాడి నిమిషానికి 100 దాటిందా?

ఇంతకు ముందు ఫిట్స్ వచ్చినవాడు, వారం చెప్పలేనివాడు, లేనివి కనిపిస్తున్నాయన్నవాడు, జ్వరం ఉన్నవాడు, నీళ్లు కూడా కడుపులో నిలవనివాడు, కళ్లు పచ్చబడ్డవాడు, రక్తం కక్కినవాడు, తలకి దెబ్బ తగిలినవాడు: వీళ్లెవరైనా సరే ఆ రాత్రే 108. వణుకు కొంచెంగా ఉండి, మాట స్పష్టంగా ఉండి, అన్నం తింటున్నవాణ్ని పొద్దున్న ఓపీకి పంపొచ్చు.

చీటీ మీద రాసి పంపండి. "తాగుబోతు, చికిత్స అవసరం" అని రాస్తే క్యాజువాలిటీలో పక్కన కూర్చోబెడతారు. "ఆఖరి మందు నిన్న రాత్రి 9 గంటలకి. రోజుకి మూడు క్వార్టర్లు. పోయిన నెల ఫిట్స్. నాడి 116. రెండు రోజులుగా భోజనం లేదు" అని రాస్తే డ్యూటీ డాక్టరు చదవగానే లేస్తారు. ఒకే మనిషి, రెండు చీటీలు. తేడా అంతా అందులో ఉంది.

మానసిక_ఓపీ
పైన చెప్పినదానికి కొంచెం లెక్క కలుపుతాను, వాచ్‌మన్‌కి కాకపోయినా కమిటీకి పనికొస్తుంది.

క్వార్టర్ అంటే 180 మి.లీ. మన దగ్గర అమ్మే బ్రాందీ, విస్కీలో 42.8 శాతం ఆల్కహాల్. అంటే ఒక క్వార్టర్లో సుమారు 60 గ్రాములు. ఆరోగ్యంగా ఉన్న లివర్ గంటకి 7 నుంచి 10 గ్రాములు తీసేస్తుంది. రాత్రి పదింటికి రెండు క్వార్టర్లు పూర్తిచేసినవాడి ఒంట్లో పొద్దున్న ఇంకా మందు ఉంటుంది. బాగా అలవాటుపడ్డవాళ్లలో త్వరగా అరుగుతుంది, కానీ మత్తు పూర్తిగా దిగకముందే వణుకు పట్టుకుంటుంది. పొద్దున్నే కొట్టు తెరవకముందే దాని ముందు నిలబడేది సరదాకి కాదు. చేత్తో టీ గ్లాసు పట్టుకోవడానికే వాళ్లకి ఆ మొదటి గుక్క కావాలి. దీన్ని పొగరుగా, ఖాతరులేనితనంగా చూసినన్నాళ్లూ మన మాట వాళ్ల చెవికెక్కదు.

ఆస్పత్రిలో జరిగేది ఇది. వణుకు, చెమట, వాంతి, ఆందోళన లాంటి పది అంశాలకి మార్కులు వేసే సివా అనే కొలబద్ద ఉంది, మొత్తం 67. పది లోపైతే మామూలుగా తేలిక, ఇరవై దాటితే తీవ్రం. దాన్ని బట్టి వణుకు, ఫిట్స్ అణిచే మాత్రలు, క్లోర్‌డయాజిపాక్సైడ్ గానీ డయాజిపాం గానీ ఇస్తారు. లివర్ చెడినవాళ్లకి, ముసలివాళ్లకి లోరాజిపాం మేలు, ఒంట్లో పేరుకోదు. మొదటి రెండు మూడు రోజులు నిండుగా ఇచ్చి, తర్వాత రోజూ సుమారు ఐదో వంతు తగ్గిస్తూ వారం పది రోజుల్లో ఆపేస్తారు. ఆపడం ముఖ్యం. ఈ మాత్రలకి కూడా అలవాటుపడతారు, బయట అమ్ముకుంటారు కూడా. షెల్టర్లో మిగిలిన మాత్రలు ఇవ్వాల్సొస్తే తాళం వేసిన పెట్టెలోంచి ఒక్కొక్క పూటకే ఇవ్వండి, మింగేదాకా చూడండి. ఆ పూట తాగి వచ్చి ఉంటే మాత్ర ఇవ్వొద్దు. మందూ ఈ మాత్రా కలిస్తే నిద్రలో ఊపిరి ఆగిపోతుంది.

ఇంకొకటి, అందరూ మరిచిపోయేది: థయమిన్, అంటే బి1 విటమిన్. ఒంట్లో దీని నిల్వ రెండు మూడు వారాలకే సరిపోతుంది. తిండి మాని తాగేవాడికి అదీ ఉండదు. లోటు బాగా పెరిగితే కంటిగుడ్లు సరిగ్గా తిరగవు, నడక తూలుతుంది, మనిషి తికమకపడతాడు. ఈ మూడూ మందు మత్తులాగే కనిపిస్తాయి, చిక్కంతా అదే. మత్తేలే అని వదిలేస్తే జ్ఞాపకశక్తి శాశ్వతంగా పోతుంది. ఒట్టి గ్లూకోజ్ సెలైన్ ఎక్కిస్తే ఉన్న కాస్త థయమిన్ కూడా ఖర్చయిపోతుంది. నీరసంగా ఉన్నాడని ఆర్ఎంపీ దగ్గర గ్లూకోజ్ బాటిల్ పెట్టించే అలవాటు మన జిల్లాల్లో ఉంది. తాగేవాడికి థయమిన్ ఇంజెక్షన్ లేకుండా అది పెట్టించొద్దు. తాగేవాళ్ల పేగుల్లోంచి మాత్ర సరిగా ఎక్కదు కాబట్టి మొదటి రోజుల్లో ఇంజెక్షనే కావాలి. లక్షణాలు కనబడితే ఆస్పత్రిలో 500 మి.గ్రా. చొప్పున రోజుకి మూడుసార్లు నరానికి ఇస్తారు. తర్వాత రోజూ 100 మి.గ్రా. మాత్ర. ఇది చవకైన మాత్ర, షెల్టర్లో ఒక డబ్బా ఎప్పుడూ ఉండాలి.

చోడి_అంబలి
తిండి సంగతి. నాలుగైదు రోజులు ఏమీ తినని మనిషి ఎదురుగా కంచం నిండా అన్నం, కూర, స్వీటు పెట్టడం ప్రేమే, కానీ ప్రమాదం. ఖాళీ ఒంట్లోకి పిండిపదార్థం ఒక్కసారిగా వెళితే రక్తంలోని ఫాస్ఫేటు, పొటాషియం, మెగ్నీషియం హఠాత్తుగా పడిపోయి గుండె లయ తప్పుతుంది. మొదటి రెండు రోజులు గంజి, తరవాణి, పలుచని చోడి (రాగి) అంబలి, మజ్జిగ, గంటన్నరకోసారి గ్లాసు చొప్పున. మూడో రోజు నుంచి మెత్తటి అన్నం పప్పు, గుడ్డు. బాగా చిక్కిపోయినవాడైతే అదీ డాక్టరు పర్యవేక్షణలోనే.

కోలుకున్నాక అన్న క్యాంటీన్ అయిదు రూపాయల భోజనం ఆదుకుంటుంది. కడుపు నిండినవాడికి సాయంత్రం మందు యావ కొంత తగ్గుతుంది. ఆకలినీ యావనీ విడదీసి గుర్తించడం వాళ్లకే కష్టం. సాయంత్రం అయిదింటికి షెల్టర్లో బెల్లం టీ, వేయించిన సెనగలు పెడితే ఆ గంట గడిచిపోతుంది. చాలామంది జారేది ఆ గంటలోనే.

ఉద్దానం_ఫార్మసీ
పైన చెప్పినదానికి ఒక హెచ్చరిక. నీరసానికని కొబ్బరినీళ్లు పోస్తారు మనవాళ్లు. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు, పలాస, మందస వైపు నుంచి వచ్చిన మనిషైతే క్రియాటినిన్ (కిడ్నీ పనితనం చెప్పే రక్తపరీక్ష) చూసేదాకా ఆగండి. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎంతగా ఉందో అందరికీ తెలిసిందే. కిడ్నీ పాడైనవాడికి కొబ్బరినీళ్లలోని పొటాషియం ప్రాణాంతకం కావొచ్చు. ఒళ్లునొప్పులకి డైక్లోఫెనాక్ మాత్రలు కూడా ఇవ్వొద్దు. పారాసిటమాల్ కూడా లివర్ చూసుకుని తక్కువ మోతాదులో.

మూడులాంతర్లు
విజయనగరం వైపు వీధుల్లో పడుకునేవాళ్లతో పనిచేసేవాళ్ల తరఫున మొదటి ప్రశ్నకి జవాబు. గేటు దగ్గర ఆపొద్దు. "లోపల తాగకూడదు, సీసా లోపలికి తేకూడదు, ఎవరిమీదా చెయ్యి చేసుకోకూడదు": ఈ మూడే నియమాలు. తాగి రావడం తప్పు కాదు, లోపల చేసేదే లెక్క. ముందు మానాలి, తర్వాతే మంచం అంటే మంచం ఎప్పటికీ దొరకదు. ఫుట్‌పాత్ మీద పడుకున్నవాడికి రాత్రి దోమలు, దొంగలు, పోలీసు లాఠీ. మత్తు లేకపోతే నిద్ర పట్టదు. మనం మందు తీసేస్తే దాని బదులు ఏమిస్తున్నాం?

న్యూయార్క్‌లో 1992లో మొదలైన పద్ధతి ఇదే: ముందు ఇల్లు, తర్వాత మిగతావి. కెనడాలో దీన్ని అయిదు నగరాల్లో పెద్దఎత్తున పరీక్షించి చూశారు. ఇల్లు ముందు ఇచ్చినా అది నిలబెట్టుకున్నారు.

కూలి_అడ్డా
అన్నా, ఆ ఉదాహరణ ఇక్కడ అతకదు. అక్కడ ఇచ్చింది తలుపు వేసుకునే గది, మనిషికొకటి. ఇక్కడ నలభైమందికి ఒక హాలు. మానేసి వారం అయినవాడి పక్క మంచం మీద వాసన కొడుతూ ఒకడు పడుకుంటే ఆ వారం పోయినట్టే. తాగనివాడికి కూడా హక్కు ఉంది. ఆస్పత్రి నుంచి తిరిగొచ్చినవాణ్ని మళ్లీ అదే హాల్లో పడేస్తున్నారు, అది అన్యాయం.

మానసిక_ఓపీ
ఇద్దరూ చెప్పేది ఒకదానికొకటి అడ్డు కాదు. ఆ కెనడా పరిశోధన 2009 నుంచి 2013 దాకా సాగింది, రెండువేలమందికి పైగా పాల్గొన్నారు. ఇల్లు నిలబెట్టుకోవడంలో తేడా గట్టిగా వచ్చింది. కానీ మత్తు వాడకంలో మామూలు సేవలు పొందినవాళ్లకీ వీళ్లకీ పెద్ద తేడా రాలేదు. అంటే చూరు దొరికితే మనిషి బతుకుతాడు, కానీ ఒక్క చూరుతోనే మందు మానడు. రెండు పనులూ వేరువేరుగా చెయ్యాలి.

నలభై మంచాల్లో ఎనిమిదింటిని ప్లైవుడ్ అడ్డుకట్టి వేరు చెయ్యండి, వీలైతే వేరే తలుపు, వేరే బాత్రూమ్ దారి. ఆస్పత్రి నుంచి వచ్చినవాళ్లకి ఆ ఎనిమిది. తాగి వచ్చేవాళ్లకి గేటుకి దగ్గరగా, వాచ్‌మన్ కళ్లముందు నాలుగు. పట్టణ నిరాశ్రయుల షెల్టర్ మార్గదర్శకాల్లో మనిషికి కనీసం 50 చదరపు అడుగులు ఉండాలని ఉంది. ఆ లెక్క పాటిస్తే అడ్డుకట్టడానికి చోటు దొరుకుతుంది.

వార్డు_నర్సు
గేటు దగ్గరి ఆ నాలుగు మంచాల గురించి. నేలకి దగ్గరగా ఉండాలి, పైమంచం వద్దు. వెల్లకిలా పడుకోబెట్టొద్దు. ఎడమపక్కకి తిప్పి, పైకాలు మోకాలి దగ్గర మడిచి, తల కొంచెం వెనక్కి, నోరు కిందకి ఉండేలా. వాంతి అయితే బయటికి పోవాలి, ఊపిరితిత్తుల్లోకి కాదు. గంటకోసారి భుజం తట్టి పేరు పిలవాలి. మూలుగు, తిట్టు, ఏదో ఒక జవాబు వస్తే ఫరవాలేదు. జవాబు రాకపోతే, గుర్రుగుర్రుమని ఊపిరి ఆగి ఆగి వస్తుంటే, పెదవులు నీలంగా ఉంటే నిద్రపోతున్నాడనుకోవద్దు, 108.

తలకి దెబ్బ తగిలి తాగి ఉన్నవాడు అన్నిటికంటే మోసం చేస్తాడు. మత్తు గంటలు గడిచేకొద్దీ దిగాలి. గడిచేకొద్దీ ఇంకా మత్తుగా అవుతుంటే అది మందు కాదు, లోపల రక్తస్రావం. రాత్రి పదింటికి ఎలా ఉన్నాడు, పన్నెండుకి ఎలా ఉన్నాడు అని రిజిస్టర్లో రాస్తేనే అది పట్టుబడుతుంది.

గ్లూకోమీటరు ఒకటి కొనండి. తిండి లేకుండా తాగినవాడికి షుగర్ 70 కంటే కింద పడిపోయి ఉండొచ్చు. మెలకువగా ఉంటే పంచదార నీళ్లు, తర్వాత థయమిన్ మాత్ర, గంజి. స్పృహ లేకపోతే నోట్లో ఏదీ పొయ్యొద్దు.

ఫిట్స్ వస్తే చేతిలో తాళాలు, ఇనుప ముక్క పెట్టే అలవాటు మానిపించండి. నోట్లో గరిట, గుడ్డ కూడా వద్దు, పళ్లు విరుగుతాయి. చుట్టూ ఉన్న వస్తువులు తీసెయ్యండి, పక్కకి తిప్పండి, గడియారం చూడండి. అయిదు నిమిషాలు దాటినా, ఒకటి ఆగి తెలివి రాకముందే రెండోది వచ్చినా 108. మానేశాక ఇదే మొదటి ఫిట్ అయితే అయిదు నిమిషాల లోపే ఆగినా పంపాల్సిందే.

న్యాయ_సేవ
చట్టం గురించి ఎవరూ రాయలేదు. "పోలీసులకి చెప్పి పట్టించి ఎక్కడో ఒకచోట పెట్టించేద్దాం" అనే మాట కమిటీల్లో వినబడుతుంది. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017 ప్రకారం అది కుదరదు. మద్యం, మత్తు పదార్థాల వల్ల వచ్చే మానసిక స్థితులు కూడా ఆ చట్టం కిందికే వస్తాయి. అందుచేత హక్కులు కూడా వస్తాయి. తాగడం ఒక్కటే కారణంగా ఇష్టం లేకుండా బంధించకూడదు. గొలుసులు ఎక్కడా వేయకూడదు, 95వ సెక్షన్. మామూలుగా అడ్మిషన్ మనిషి తన సంతకంతో చేరడం, 86వ సెక్షన్. తన గురించి తాను నిర్ణయించుకోలేని స్థితిలో, ప్రాణానికి ముప్పు ఉంటే 89వ సెక్షన్ కింద నామినేటెడ్ ప్రతినిధి (అతని తరఫున నిర్ణయాల్లో సాయపడే మనిషి) దరఖాస్తుతో, సైకియాట్రిస్టు, ఇంకో వైద్య నిపుణుడు విడివిడిగా పరీక్షించాకే చేర్చుకుంటారు. గరిష్ఠంగా 30 రోజులు.

ఇల్లూ వాకిలీ లేనివాడికి ప్రతినిధి ఎవరు? ఎవరూ లేకపోతే సాంఘిక సంక్షేమ శాఖ డైరెక్టరు గానీ ఆయన నియమించిన అధికారి గానీ. ఆస్పత్రివాళ్లు "బంధువు సంతకం లేదు" అంటే ఈ మాట చెప్పండి. ఇక తనను తాను చూసుకోలేని స్థితిలో తిరుగుతున్న మనిషి పోలీసులకి కనబడితే 100వ సెక్షన్ ప్రకారం 24 గంటల్లోపు ప్రభుత్వ వైద్య సంస్థకి చేర్చాలి. లాకప్పులో పెట్టకూడదు. తప్పిపోయిన మనిషిగా ఎఫ్ఐఆర్ రాసి కుటుంబాన్ని వెతకాల్సిన బాధ్యత స్టేషను అధికారిదే.

ప్రైవేటు డీఎడిక్షన్ సెంటరుకి పంపాలనుకుంటే రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీ రిజిస్ట్రేషన్ పత్రం గోడమీద ఉందో లేదో చూడండి. సైకియాట్రిస్టు ఏ రోజుల్లో వస్తారో అడగండి. మనిషిని ఫోన్లో మాట్లాడనివ్వం అంటే అక్కడికి పంపొద్దు. కేంద్ర సామాజిక న్యాయ శాఖ నిధులతో నడిచే ఐఆర్‌సీఏ (మత్తు మాన్పించే పునరావాస) కేంద్రాల్లో చికిత్స ఉచితం. దగ్గర్లో ఏది ఖాళీగా ఉందో 14446 నంబరుకి ఫోన్ చేసి అడగొచ్చు. మానసిక ఇబ్బందికి టెలీమానస్ 14416, తెలుగులో మాట్లాడతారు.

దగ్గు_రెండువారాలు
టీబీ విభాగం నుంచి. రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం జ్వరం, రాత్రి చెమట, బరువు తగ్గడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా షెల్టర్లో చేర్చుకున్న రోజే కళ్లె పరీక్షకి పంపండి. హాల్లో నలభైమంది పడుకుంటారు. తాగేవాళ్లలో రాత్రి చెమటని మందు మానిన చెమటగా, బరువు తగ్గడాన్ని తిండి లేకపోవడంగా తీసిపారేస్తారు. అలా నెలలు పోతాయి.

చికిత్స మొదలైతే మూత్రం ఎర్రగా వస్తుందని ముందే చెప్పండి. అది రిఫాంపిసిన్ రంగు. చెప్పకపోతే రక్తం అనుకుని మాత్రలు మానేస్తారు. పోషణ భత్యం ఇప్పుడు నెలకి వెయ్యి రూపాయలు, కానీ బ్యాంకు ఖాతాలో పడుతుంది. ఖాతా లేనివాడికి చేరదు. అంచేత ఆధార్ ముందు. గుర్తింపు ఉన్న షెల్టర్ అధిపతి ఇచ్చే ధ్రువపత్రంతో ఆధార్ చిరునామా చేయించొచ్చు, ఆ ఫారం మీ ఆఫీసులో పది కాపీలు పెట్టుకోండి.

తాగుడు మాన్పించడానికి ఇచ్చే డైసల్ఫిరామ్ మాత్ర తీసుకునేవాడైతే టీబీ డాక్టరుకి తప్పకుండా చెప్పాలి. టీబీ మాత్ర ఐసోనియాజిడ్‌తో కలిస్తే మనిషి తూలడం, ప్రవర్తన మారిపోవడం జరుగుతుంది.

ఉద్దానం_ఫార్మసీ
డైసల్ఫిరామ్ మాట వచ్చింది కాబట్టి. "సాంబార్లో కలిపెయ్యండి, తెలియకుండా మానేస్తాడు" అని అడిగేవాళ్లు కొట్టుకొస్తారు. అది నేరం లాంటి పని. ఆ మాత్ర ఒంట్లో ఉండగా మందు పడితే ముఖం ఎర్రబడి, గుండె దడదడలాడి, బీపీ పడిపోతుంది. గుండెజబ్బు ఉన్నవాడు చనిపోవచ్చు. ఆఖరి మందు పడి కనీసం 12 గంటలు అయ్యాకే, అన్నీ వివరించి, సంతకం తీసుకుని, రోజూ ఎదురుగా మింగిస్తేనే ఇది పనిచేస్తుంది. ఆపేశాక కూడా రెండు వారాల దాకా ప్రభావం ఉంటుంది. దశమూలారిష్టం లాంటి అరిష్టాల్లో, కొన్ని దగ్గు సిరప్పుల్లో ఆల్కహాల్ ఉంటుంది, అవి కూడా వద్దు. పంటినొప్పికి, విరేచనాలకి రాసే మెట్రోనిడజోల్ దీంతో కలవకూడదు.

షెల్టర్లో ఉండేవాళ్లకి నా అభిప్రాయంలో నాల్ట్రెక్సోన్ 50 మి.గ్రా. రోజుకొకటి తేలిక. మధ్యలో ఒకరోజు తాగినా ప్రాణం మీదికి రాదు, తాగినా ముందున్న ఊపు ఇవ్వదు. కానీ లివర్ పరీక్ష చూడాలి. మత్తునిచ్చే నొప్పి మందులు, ట్రమడాల్ గానీ పెంటజోసిన్ ఇంజెక్షన్లు గానీ వాడేవాడికి కనీసం 7 నుంచి 10 రోజులు ఆపాకే, లేకపోతే భయంకరమైన విత్‌డ్రాయల్ (మత్తు హఠాత్తుగా ఆగిన బాధ) వస్తుంది. తాగుడు మానినవాడు నిలబడటానికి ఇచ్చే ఇంకోటి ఎకాంప్రొసేట్, 333 మి.గ్రా. మాత్రలు రెండేసి మూడు పూటలా. లివర్‌తో సంబంధం లేదు, కానీ కిడ్నీ ద్వారానే పోతుంది. కిడ్నీ పనితనం సగానికి తగ్గితే పూటకి ఒక్కటే, 30 శాతం లోపుంటే అసలు వద్దు. మళ్లీ ఉద్దానం మాటే. రోజుకి ఆరు మాత్రలు గుర్తుపెట్టుకుని వేసుకోవడం సంచిలో బతుకు మోసుకు తిరిగేవాడికి కుదిరే పని కాదు. షెల్టర్లో స్థిరంగా ఉన్నవాడికే రాయించండి.

నాగావళి_షెల్టర్
గంజాయి పీల్చేవాళ్లు, వైట్‌నర్ గుడ్డమీద పోసి పీల్చే కుర్రాళ్లు కూడా ఇద్దరు ముగ్గురు వస్తున్నారు.

మానసిక_ఓపీ
గంజాయి ఒక్కటే అయితే మానినందుకు ఫిట్స్ రావు. ఒకటి రెండు రోజుల్లో చిరాకు, నిద్రలేమి, ఆకలి పోవడం మొదలై వారంలో ఎక్కువై రెండు వారాల్లో తగ్గుతాయి. అడ్మిషన్ లేకుండా షెల్టర్లోనే దాటించొచ్చు. చెవిలో మాటలు వినిపిస్తున్నాయి, ఎవరో వెంటాడుతున్నారు అంటే మాత్రం ఓపీకి. వైట్‌నర్ పీల్చిన కుర్రాణ్ని వెంటపడి తరమొద్దు, భయపెట్టొద్దు. ఆ ఆవిరి గుండెని సున్నితం చేస్తుంది, హఠాత్తుగా పరిగెత్తితే గుండె ఆగిపోవచ్చు. గాలి తగిలేచోట కూర్చోబెట్టి నెమ్మదిగా మాట్లాడండి. 18 లోపువాడైతే పెద్దవాళ్ల షెల్టర్లో ఉంచకూడదు, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్యండి.

మూడులాంతర్లు
ఇప్పుడు మూడో ప్రశ్న. ఇంతసేపూ అందరూ దాని చుట్టూ తిరుగుతున్నారు. వైద్యం చెడేది వార్డులో కాదు, డిస్చార్జి రోజు మధ్యాహ్నం చెడుతుంది. పది రోజులు చక్కగా చూసి, పదకొండు గంటలకి చీటీ చేతిలో పెడతారు. షెల్టర్ సాయంత్రం ఆరింటికి తెరుస్తారు. ఆ ఏడు గంటలు మనిషి ఎక్కడ ఉండాలి? తెలిసిన చోటు కాంప్లెక్సే, తెలిసిన మనుషులు అక్కడివాళ్లే. షెల్టర్ 24 గంటలూ తెరిచి ఉండాలనే మార్గదర్శకాల్లో ఉంది. సిబ్బంది లేక పగలు మూసేస్తారు. నలభై మంచాలకి కాకపోయినా ఆ ఎనిమిది మంచాల గది పగలు తెరిచి ఉంచండి. అదొక్కటి చేస్తే సగం పని అయినట్టే.

వార్డుతో ముందే మాట్లాడి పెట్టుకోండి. డిస్చార్జికి రెండు రోజుల ముందు షెల్టర్‌కి ఫోన్ రావాలి. మనిషిని వచ్చి తీసుకెళ్లేది ఎవరో పేరుతో సహా రాసి ఉండాలి. మాత్రలు రెండు వారాలకి సరిపడా చేతికివ్వాలి, షెల్టర్ కేర్‌టేకరుకి, మనిషికి కాదు. మళ్లీ ఓపీకి వారం లోపే.

కూలి_అడ్డా
పని గురించి. మొదటి నెల హమాలీ పని, లోడింగు పనికి పంపొద్దు. ఒళ్లునొప్పులకని తాగడం అక్కడి రివాజు, సాయంత్రం రోజుకూలి చేతిలో పడుతుంది, దారిలోనే కొట్టు. 99 రూపాయలకి క్వార్టర్ దొరుకుతున్న రోజుల్లో రోజుకూలి చాలా ఎక్కువ డబ్బు. వారానికోసారి ఇచ్చే పని చూడండి: హోటల్లో కూరగాయలు తరగడం, నర్సరీ, క్యాంటీన్ పాత్రలు. కూలి పోస్టాఫీసు ఖాతాలో వేయించండి, చేతికి రోజూ యాభై చాలు. ఇది అతను ఒప్పుకుంటేనే. డబ్బు అతనిది, మనం లాక్కుంటే రేపు గేటు దాటి పోతాడు.

పండగ రోజులు ముందే రాసుకోండి. సంక్రాంతి, కనుమ, విజయనగరంలో సిరిమానోత్సవం, ఊళ్లో అమ్మవారి సంబరాలు. ఆ రోజుల్లో షెల్టర్లోనే ఏదో వంట, ఏదో పని పెట్టండి. బయటకి వెళ్తే ఇద్దరు కలిసి వెళ్లాలి.

నాగావళి_షెల్టర్
మళ్లీ తాగి వస్తే? కమిటీ "ఒక్క ఛాన్సే" అంటోంది.

వార్డు_నర్సు
ఒక్క ఛాన్సని షుగర్ రోగికి చెప్తారా? మళ్లీ తాగి వస్తే ఎనిమిది మంచాల గదిలోంచి గేటు దగ్గరి మంచానికి మారతాడు, అంతే. పేరు కొట్టెయ్యొద్దు. పొద్దున్న తిట్టకుండా మూడు ప్రశ్నలు: ఎక్కడ, ఎవరితో, ఏ గంటకి? జవాబు రాసుకోండి. మూడోసారికి ఒకే చోటు, ఒకే గంట కనబడుతుంది. అప్పుడు ఆ గంటకి ఏం చెయ్యాలో అతనే చెప్తాడు.

ఇంకొకటి, శనివారం డిస్చార్జి పెట్టనివ్వొద్దు. ఆదివారం ఓపీ ఉండదు, షెల్టర్లో సిబ్బంది తక్కువ, అడ్డా దగ్గర మాత్రం సందడి ఎక్కువ. మంగళవారమో బుధవారమో అడగండి.

నాగావళి_షెల్టర్
రాసుకున్నాం. ప్లైవుడ్ అడ్డు ఈ వారమే, పగలు గది తెరవడానికి కమిటీలో ఇద్దరు వంతులవారీ కూర్చోడానికి ఒప్పుకున్నారు. డిస్చార్జి రోజు వాచ్‌మన్ డ్యూటీ మార్చి వార్డుకి పంపుతాం, ఆటో ఖర్చు షెల్టర్ పెట్టుకుంటుంది.

వార్డు_నర్సు
వచ్చేటప్పుడు వాచ్‌మన్‌ని ఒక లుంగీ, చొక్కా, ఒక జత చెప్పులు పట్టుకురమ్మనండి. అడ్మిషన్ రోజు చాలామంది వట్టి కాళ్లతోనే వస్తారు, వేసుకొచ్చిన బట్టలు వార్డులో పారేస్తాం. సైజు ముందురోజు ఫోన్ చేసి అడగండి, చెప్తాం.